పచ్చి పుట్టీ మీద నా గోరు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేకపోయాను, బయటికీ అనలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను నరసరావుపేటలో బొమ్మలు చేస్తాను. అప్పట్లో ఒక పెద్దాయన కొండవీటి రాజుల సైన్యాన్ని చిన్న బొమ్మలుగా బల్ల మీద నిలబెట్టాలనుకుని, బొటనవేలంత గుర్రాలు నా చేతికిచ్చాడు. వీపు మీదినుంచి మోకాళ్ల దాకా వేలాడే గుడ్డను వాటికి పుట్టీతో మలచాలి. రెండు రకాల ముద్దలు కలిపి పిసికాక ఆ పుట్టీ రెండు మూడు గంటలు మెత్తగా ఉంటుంది. తర్వాత రాయే.

సాయానికి మా వీధిలో జాకెట్లు కుట్టే రమణక్కను పిలిచాను. పని నేర్పింది నేనే. కానీ గుడ్డ ఎక్కడ జారుతుందో, ఎక్కడ ముడత పడుతుందో ఆమె వేళ్లకు ముందే తెలుసు. ఒకరోజు పెద్దాయన ఆమె చేసిన గుర్రాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. నావి చూసి ఊరికే తల ఊపి పక్కన పెట్టాడు. అంతే జరిగింది.

మర్నాడు ఆమె అన్నానికి ఇంటికెళ్లగానే, ఆమె మలిచిన, ఇంకా ఆరని ముడతల మీద గోరు పెట్టి లాగాను. గట్టిగా కాదు. వణికే చెయ్యి ఎలా చెడగొడుతుందో అలా. వాళ్లమ్మ వణుకుడు జబ్బుతో మంచాన పడి చనిపోయిందని ఆమే నాకు చెప్పింది. చేశాక ఆ సంగతి గుర్తొచ్చిందా, గుర్తుంచుకునే చేశానా? చేశాకే గుర్తొచ్చిందని ఇన్నేళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. వారం రోజులు వరసగా అదే పని చేశాను.

"ఇదేంది తమ్ముడూ, మళ్లీ ఇట్టా అయింది? నేను బానే చేసి పోయా గదా."

"బాధపడతావని చెప్పలేదక్కా. నీ చెయ్యి వణుకుతోంది. చానా రోజులైంది."

ఆమె కిటికీ వెలుగులో చెయ్యి చాపింది. అది కదలకుండా ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. చూడగా చూడగా వేళ్లు సన్నగా అదిరాయి.

"మా అమ్మకీ ఇట్టానే మొదలైంది," అంది.

నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. అది కూడా చెప్పాలి.

ఆమె పని మానేసింది. పెళ్లి జాకెట్లు ఒప్పుకోవడం మానేసింది. గుంటూరు డాక్టరు ఏమీ లేదంటే, దాస్తున్నాడనుకుంది. మిషను అమ్మేసింది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమె బాగా చేసి పెట్టిన గుర్రాలు ఆ సైన్యంలో ముందు వరసలో ఉన్నాయి, నా పేరు మీద.

మొన్న బస్టాండులో కనిపించింది. నవ్వి, నా పిల్లల గురించి అడిగింది. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది. చెప్పేద్దామని నోరు తెరిచి, ఏ ఊరి బస్సు కోసమని అడిగాను.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. మీకైతే చెప్పాను. రమణక్కకు ఏ జబ్బూ లేదు. ఆ గుర్రాలను చెడగొట్టింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.