గున్నమ్మ పేరున్న మంచం

అరసవల్లిలో కమలాదేవిది స్టీలు సామాన్ల కొట్టు. బిందె మీద పేరు చెక్కించమని ఎవరైనా ఇచ్చి వెళ్తే, ఆవిడ రేపు సాయంత్రం అందంటే ఆ సాయంత్రానికి అది సిద్ధంగా ఉండాల్సిందే. చెక్కే మనిషి రాని రోజున తనే మిషను పట్టుకుని కూర్చునేది. వంకర అక్షరాలైనా వేళకు ఇచ్చేది.

భర్త బంగారురాజుకు మోకాళ్ల ఆపరేషను చేయాలన్నారు. ఇంట్లో ఉన్నది మరీ పొట్టి మంచం. ఇకమీద ఎత్తు మంచమే వాడాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. రాజాంలో ఫర్నిచర్ షోరూము నడుపుతున్న మురళీమోహన్ ఆవిడకు అక్క కొడుకు వరస. ఆవిడ అక్కడే టేకు మంచం ఎంచుకుని డబ్బంతా కట్టేసింది.

"మీ బాబాయి ఆస్పత్రి నుంచొచ్చీసరికి మంచం ఇంట్లో ఉండాల. ఆ మాట బిల్లు మీద రాయి."

"నా మీద నమ్మకం నేదా పిన్నీ?" అని నవ్వుతూనే తేదీ రాశాడు మురళీమోహన్.

బంగారురాజు ఇంటికొచ్చాడు గానీ మంచం రాలేదు. కొట్లోని సన్నటి చెక్కబల్లను లోపలికి తెప్పించి, పరుపు వేసి ఆయన్ను పడుకోబెట్టింది. పక్కకు ఒత్తిగిలడానికి చోటుండేది కాదు. ఫోన్ చేసినప్పుడల్లా మురళీమోహన్, "లారీ దారిలో ఉన్నాది, రేపొచ్చెస్తాది పిన్నీ," అనేవాడు. చివరికి ఆవిడే రాజాం వెళ్లి డబ్బు వెనక్కి ఇమ్మంది. అతను బిల్లు కింద అచ్చేసిన వాక్యం మీద వేలుపెట్టి చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని ఉంది.

"సరుకు నాకిచ్చినాక కదరా వాపసు మాట. నువ్వసలు ఇవ్వనేదు," అంది కమలాదేవి.

అయినా అతను డబ్బు తీయలేదు. ఇంటికొస్తూ బస్సులోంచే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పింది.

ఆ ఫిర్యాదు షోరూముకు చేరింది కాబోలు, రెండురోజులు తిరక్కుండానే మంచంతో వ్యాను వచ్చి వాకిట్లో ఆగింది. డ్రైవరు కొండబాబు తాళ్లు విప్పుతుంటే తలవైపు చెక్కకు అంటించిన చీటీ ఆవిడ కంటపడింది. గున్నమ్మ అని పేరు, శ్రీకూర్మం అవతలి సముద్రపు ఊరు, ఫోన్ నంబరు ఉన్నాయి.

"ఇదెవలిది బాబూ?"

"ఎవలిదైతే ఏటమ్మా, కొలత ఒకటే. ముందు మీకు దించీమన్నారు ఓనరుగారు."

కమలాదేవి ఆ నంబరుకు ఫోన్ చేసింది. గున్నమ్మ ఎండుచేపల వ్యాపారం చేసే మనిషి. కూతురు సింధుకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారట. "పచ్చి బాలింతమ్మా, కింద చాప మీంచి లెగనేకపోతంది. మాకూ రేపు, రేపు అనే సెప్తన్నారు," అంది గున్నమ్మ.

కమలాదేవి ఫోన్ పెట్టేసి భర్త వైపు చూసింది. బల్ల మీద నుంచి ఆయన అప్పటికే వ్యాను వైపు ఆశగా చూస్తున్నాడు. ఆవిడ మెల్లగా విషయం చెప్పింది. బంగారురాజు వ్యాను మీంచి చూపు తిప్పుకున్నాడు.

"పంపించీ. నాకీ బల్ల అలవాటైపోనాది," అన్నాడు.

అలవాటు కాలేదని ఆవిడకు తెలుసు. అయినా కొట్టు మూసి, పక్కింటి ఉషను ఆయనకు తోడుంచి, వ్యానెక్కి కొండబాబు పక్కన కూర్చుంది. దారిలో ఇంకెవరింటికైనా మళ్లిస్తారేమోనని అనుమానం. మంచం గున్నమ్మ ఇంట్లో దించి, బాలింతను దాని మీద కూర్చోబెట్టాకే వెనుదిరిగింది.

ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్లూ కలిసి శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు. వకీలు లేకుండానే ఎవరి ఫిర్యాదు వాళ్లు ఇచ్చారు. మంచం చేరినా, జరిగిన ఆలస్యానికి షోరూము జవాబు చెప్పుకోవాల్సిందేనని గున్నమ్మకు అర్థమయ్యేలా చెప్పింది కమలాదేవే. బంధువుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మనవాణ్ణి మనమే రచ్చకీడుస్తామా అన్నారు.

"మనవోడు కాబట్టే ముందు వాడి కొట్టుకెళ్లి అడిగినాను. కొన్నదాన్ని కాబట్టి కమిషన్‌కెళ్లినాను," అని జవాబిచ్చింది. గొంతు మాత్రం పెంచలేదు.

విచారణ రోజున మురళీమోహన్ తల వంచుకుని ఒప్పుకున్నాడు. పెళ్లిళ్ల సీజనని, గోదాములో ఉన్నవాటి కన్నా ఎక్కువ మంచాలకు డబ్బు కట్టించుకున్నాడు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు ముందు పంపుతూ వచ్చాడు. కమలాదేవికి ఆవిడ డబ్బు తిరిగిచ్చి, ఇద్దరికీ నష్టపరిహారం కట్టి, ఇకపై ప్రతి బిల్లు మీదా డెలివరీ తేదీ వేస్తానని రాసిచ్చాడు.

బయటికొచ్చాక, "నన్ను సెడ్డోణ్ణి సేసీసినావు పిన్నీ," అన్నాడు.

"నీ కొట్టు నిలబడాలనే నాకూ ఉన్నాదిరా. తిన్నగా నడుపుకో," అంది ఆవిడ, అతని భుజం తట్టి.

మంచం అరసవల్లిలోనే వడ్రంగి చేత చేయించింది. అతను చెప్పిన రోజుకే తెచ్చాడు. ఆ రాత్రి బంగారురాజు రెండువైపులా దొర్లి చూసుకుని, హాయిగా గురకపెట్టాడు. ఆ గురకకు ఆవిడకు నిద్ర పట్టలేదు. అయినా ఆయన్ను లేపబుద్ధి కాలేదు.