లంబూ బలం ఎంత?

బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో మా పక్కింటివాళ్లు ఈమధ్య కొత్త తలుపులు చేయిస్తున్నారు. పొద్దున్నే కిటికీ తెరిస్తే చిత్రిక పట్టిన టేకు వాసన గదంతా నిండుతుంది. ఆ వాసన తగలగానే మా నాన్న చేతులు గుర్తొస్తాయి, ఆ వెంటనే మా అక్క ముఖం.

నాన్న ఇక్కడి రైల్వే షెడ్డులో వడ్రంగి. తాత శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వానలు వెనకబట్టి, షెడ్డులో విశ్వకర్మ పూజ జరిగి, నాన్న నెయ్యి మరకల కాగితంలో బూందీ తెచ్చి, క్వార్టర్ వెనక జామచెట్టు కింద తడి ఆరిన నేల మీద మేం తొక్కుడుబిళ్లకి గళ్లు గీసుకునే రోజులవి. ఆ ఏడు ఆ గళ్లలో నేనొక్కదాన్నే గెంతాను. నాకు పదేళ్లు, అక్కకి పద్నాలుగు. కీళ్లవాతపు జ్వరం ఆమె గుండెకి పాకింది. మంచం దిగకూడదన్నాడు డాక్టరు.

నాన్న మా ఇద్దరికీ చదరంగం నేర్పాడు. మంచం మీదే ఆడి ఆడి విసుగెత్తి, అక్క ఒక కొత్త పావు కావాలంది. గుర్రం రెండు గళ్లు సూటిగా వెళ్లి ఒక గడి పక్కకి తిరుగుతుంది కదా, ఇది మూడు గళ్లు వెళ్లి తిరగాలి, గుర్రంలాగే అడ్డొచ్చినవాటి మీంచి దూకాలి. నాన్న టేకు ముక్కలతో పొడుగు మెడల పావులు రెండు చెక్కి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది తెచ్చాడు. పొడుగ్గా ఉన్నాయని వాటికి లంబూ అని పేరు పెట్టాం.

"ఇది గుర్రం కన్నా బలమైందా కాదా, ఆడి తేల్చాల," అంది అక్క.

ఒకరికి రెండు గుర్రాలు, రెండోవాళ్లకి వాటి స్థానంలో రెండు లంబూలు. ఆట ఆటకీ మార్చుకోవాలి. నలభై ఆటలు ఆడి, ఏది గెలిచిందో నోటుబుక్కులో రాయాలి. లంబూ తెల్లగడిలో మొదలైతే ఎన్ని దూకులు దూకినా తెల్లగళ్లలోనే తిరుగుతుందని అక్క మూడోనాడే కనిపెట్టింది. "అచ్ఛా! సగం బోర్డు దీనికి లేనట్టే," అని దాన్ని చాలాసేపు చేతిలో తిప్పి చూసింది.

ఆ వారమే అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "అది గెల్సిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటంది. ఓడిపోదూ, నీకేటి పోతాది?"

నేను ఓడిపోవడం మొదలుపెట్టాను.

పదిహేనో ఆట అయ్యాక అక్క నోటుబుక్కు మూసింది. "నీ ఏనుగు నా మంత్రిని కొట్టీచ్చు. నువ్వు సూసినావు కూడా. సూసి బంటుని జరిపినావు. ఎందుకే?"

నేను ఏడ్చాను.

"అమ్మ సెప్పిందేటి?" అంది నెమ్మదిగా. నేను తలూపాను. "నాకెలాగుందో డాక్టరూ సెప్పడు, నాన్నా సెప్పడు. నువ్వొక్కదానివే నాతో నిజంగా ఆడతన్నావనుకున్నాను."

ఆ పేజీలన్నీ అడ్డంగా కొట్టేసింది. మళ్లీ ఒకటో నంబరు వేసింది.

ఆ మర్నాటి నుంచి ఒక్క ఎత్తు కూడా వదల్లేదు నేను. అక్క చాలా ఆటలు ఓడింది. ఓడిన రోజు కూడా అన్నం తినేది.

విశాఖలో ఆపరేషన్ అన్నారు. రైలెక్కే రోజు పొద్దున అక్కకి లంబూలు, నాకు గుర్రాలు. నేనే గెలిచాను. పందొమ్మిదో నంబరు ఎదురుగా "గుర్రాలు" అని తనే రాసి, నా బుగ్గ గిల్లి, "మిగిలినవి వచ్చాక," అంది.

ఆపరేషన్ అయిన నాలుగోనాడు పోయింది. నాన్న తిరిగొచ్చాక చదరంగం పెట్టె అటక మీద పెట్టాడు. మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఆడలేదు.

ఆ క్వార్టర్ల వరుసని పడగొట్టేశారు. జామచెట్టు లేదు, అమ్మానాన్నా లేరు, ఆ పెట్టె ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో తెలియదు. మొన్న ఇదంతా చెబుతుంటే మనవరాలు ఫోను పక్కన పెట్టి విన్నది.

"అయితే, అమ్మమ్మా, ఏది స్ట్రాంగ్? లంబూనా, గుర్రమా?"

"ఇంకా ఇరవయ్యొక్క ఆటలున్నాయమ్మా," అన్నాను. "తేల్లేదు."