సముద్రం వైపు గోడ

పాత సున్నం మీద వాన చినుకు పడితే ఒక వాసన వస్తుంది. మట్టి వాసనలా కమ్మగా ఉండదు, కొంచెం ఘాటుగా, ముక్కుపుటాలు ఎండిపోయేలా ఉంటుంది. పోయిన నెలలో రేవు పక్కనున్న వన్ టౌన్‌లో ఆ వాసన తగిలి ఉన్నచోటే నిలబడిపోయాను. ఎదురుగా మా చిన్నతనంలో మేం అద్దెకున్న మేడ. చారిత్రక కట్టడంగా కాపాడాలని దాని చుట్టూ పరంజా కట్టారు. సముద్రం వైపు గోడ నుంచి గీకి పారేసిన సున్నం పెళ్ళలు కింద కుప్పగా పడి సన్నటి తుంపరలో తడుస్తున్నాయి. గోడ సగానికి పైగా ఎర్రటి ఇటుక బయటపడింది. పని చూస్తున్న కుర్ర ఇంజనీరు, నేను అలా చూస్తూ ఉండడం గమనించి, "అసలు రంగు ఇదేనండీ. ఎవరో ఏటేటా దీని మీద సున్నం కొట్టుకుంటూ పోయారు, ఎన్ని పొరలో లెక్కే లేదు" అన్నాడు. ఎవరు కొట్టారో నాకు తెలుసు.

తెల్లదొరల కాలంలో ఒక వర్తకుడు కట్టించుకున్న ఆ మేడ చేతులు మారి మారి, మా చిన్నప్పటికి ఆ ఊరి పెద్దాయన ఒకరిదైంది. పోర్టులో గుమాస్తా పని దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా నాన్న పై అంతస్తులో రెండు గదులూ ఒక పొడవాటి వసారా అద్దెకు తీసుకున్నారు. ఆ వసారాలో నిలబడితే సముద్రమూ, కొండా, రేవులోకి వచ్చే ఓడలూ కనిపించేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు గచ్చు మీద నీళ్ళు చల్లుకుని దాని మీదే పడుకునేవాళ్ళం, అష్టాచెమ్మా గళ్ళు బొగ్గుతో గీసి చీకటి పడేదాకా ఆడేవాళ్ళం, మేడ కింద టోకు కొట్లలోంచి ఎండుమిరపకాయల ఘాటు, బెల్లం దిమ్మల వాసన, రేవు నుంచి వచ్చే ఉప్పుగాలి కలిసిపోయి మా బట్టలకూ జుట్టుకూ పట్టి ఉండేవి.

మా ఇంటికి రోజూ చేపలు తెచ్చేది జాలరిపేట నూకాలు. నేను నూకాలత్తా అనేదాన్ని. తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, మా అమ్మతో ఒక్కగంట కబుర్లు చెప్పనిదే లేచేది కాదు. గోదావరి పులస ముందు సముద్రం చేప ఏపాటిదని అమ్మ అనేది. "మీ పులస కూడా మా సంద్రంలోంచి వచ్చిందే కదప్పా" అని అత్త నవ్వేది. నాకు ఉప్పు రొయ్యలు కొంగున కట్టి తెచ్చేది. ఆమె మొగుడు ఎర్రన్నని నేను మామా అనేదాన్ని. పొడుగ్గా, నల్లగా, మాట తక్కువ మనిషి.

జాలరిపేట వాళ్ళకి మా మేడ తెల్లమేడ. దాని గొప్పతనం ఏమిటో ఎర్రన్న మామే ఒకసారి వసారాలో నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పాడు. సముద్రంలో చాలా దూరం వెళ్ళాక ఒడ్డు ఒక గీతలా కనిపిస్తుందట. ముందు కొండ పైకి లేస్తుంది, తర్వాత దాని పక్కన తెల్లమేడ గోడ మెరుస్తుంది. ఆ గోడ కొండ అంచు దాటి ఎడమకి వచ్చేదాకా తిన్నగా వచ్చి అప్పుడు పడవ తిప్పితే, నీళ్ళ కింద రాళ్ళు తప్పించుకుని పేట ఒడ్డుకి చేరవచ్చు. తాతల నాటి నుంచి అదే గుర్తు.

అందుకే వానలు వెనకబట్టాక, దీపావళికి ముందు, జాలరిపేట వాళ్ళంతా వచ్చి ఆ ఒక్క గోడకీ సున్నం కొట్టేవారు. ముందురోజే గుల్లసున్నం తొట్టెలో పోసి నీళ్ళు వదిలితే అది బుసబుసా పొంగి ఆవిర్లు కక్కేది, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. మర్నాడు తాళ్ళు కట్టుకుని మగవాళ్ళు గోడ మీదికి దిగేవారు, ఆడవాళ్ళు కింద తొట్టెలు కలిపేవారు, మా అమ్మ అందరికీ పెద్ద సత్తు గిన్నెనిండా పులిహోర కలిపేది, వాళ్ళు చింతపండు పులుసులో కవ్వళ్ళనే చిన్న చేపలు వండి తెచ్చేవారు. ఇంటాయన పడక్కుర్చీలో కూర్చుని చుట్ట కాలుస్తూ, అక్కడ తక్కువైంది, ఇక్కడ మరకుంది అని చేతికర్రతో చూపించేవాడు. సాయంత్రం ఎండలో ఆ గోడ వైపు చూస్తే కళ్ళు చెదిరేవి. మాకు అది ఒక పండుగ కింద లెక్క.

నేను అయిదో తరగతిలో ఉండగా ఆ పెద్దాయన పోయాడు. వాళ్ళబ్బాయి గోడను ఒక బీడీల కంపెనీ ప్రకటనకి ఇచ్చేశాడు. నాలుగు రోజుల్లో గోడంతా నల్లరంగు పూసి, దాని మీద మనిషెత్తు ఎర్రటి అక్షరాలు రాశారు. జాలరిపేట వాళ్ళు అడగడానికి వెళితే గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. అప్పుడు ఎర్రన్న మామా, మరో పదిమందీ మా నాన్న దగ్గరికి వచ్చారు. నాన్న దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఆయన ఠావు కాగితం మీద అర్జీ రాసి, అందరి చేతా వేలిముద్రలు వేయించి, పక్కన ఒక్కొక్కరి పేరూ రాసి, సోమవారం మునిసిపల్ ఆఫీసులో ఇచ్చేస్తానని మాటిచ్చారు.

ఆదివారం ఇంటివారి గుమాస్తా వచ్చాడు. కాఫీ తాగి, లేస్తూ లేస్తూ, "గోడ సంగతి మీకెందుకండీ. మీ రెండు గదులూ మీరు చూసుకోండి, చాలు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాన్న ఆ సాయంత్రమంతా వసారాలో అటూ ఇటూ తిరిగి, అర్జీని ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేశారు. మంగళవారం నూకాలత్త అడిగినప్పుడు ఆయన ఆఫీసుకి తయారవుతున్నారు. నన్ను లోపలికి పిలిచి, "ఇచ్చేశారని చెప్పు" అన్నారు. నేను వెళ్ళి చెప్పాను. అత్త నా బుగ్గలు పుణికి, "మీ నాన్న దేవుడే గుంటా" అని, ఆ రోజు రొయ్యలు రెండు గుప్పిళ్ళు పెట్టింది. అవి తీసుకెళ్ళి వసారాలోంచి కాకులకి వేశాను.

కార్తీకమాసంలో ఒక సందెవేళ ఎర్రన్న మామ పడవ రాళ్ళకి కొట్టుకుంది. ఇద్దరు ఈదుకుని ఒడ్డుకు వచ్చారు. మామ రాలేదు. మర్నాడు మా వీధిలో ఆ ఇద్దరిలో ఒకడు, మామ తమ్ముడు సింహాద్రి, గుండెలు బాదుకుంటూ తన బావతో చెబుతున్నాడు: "మేడ కనబడ్నేదు బావా. ఎతికి ఎతికి సూసినాం, కనబడ్నేదు." వసారాలో నిలబడి నాన్న ఆ మాట విన్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె ముందు కూర్చున్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు తెల్లవారుతుండగా నాన్న రెండు బాల్చీల సున్నం తెచ్చారు. ఇంట్లో మంచినీళ్ళ చెంబు కూడా ఎత్తి ఎరగని మనిషి, వెదురుగడకి కుంచె కట్టుకుని, నిచ్చెన ఎక్కి, ఆ నల్లగోడ మీద సున్నం కొట్టడం మొదలుపెట్టారు. అందినంత మేర కొట్టారు. ఎర్ర అక్షరాలు సున్నంలోంచి మళ్ళీ పైకి తేలేవి, మళ్ళీ కొట్టేవారు. అమ్మ నిచ్చెన పట్టుకుని ఏడుస్తూ నిలబడింది. పొద్దెక్కేసరికి జాలరిపేట నుంచి ఒక్కొక్కరే వచ్చారు. సింహాద్రి వచ్చి మా నాన్న చేతిలోంచి గడ తీసుకున్నాడు. మధ్యాహ్నానికి గోడంతా తెల్లబడింది. నూకాలత్త రాలేదు.

వారం తిరక్కుండా మమ్మల్ని ఖాళీ చేయించారు. గాజువాక వైపు వెళ్ళిపోయాం. నాన్న తర్వాత ఇంకెప్పుడూ వన్ టౌన్‌లో అడుగుపెట్టలేదు, ఇంట్లో సముద్రపు చేప వండనివ్వలేదు, అమ్మ కూడా అడగడం మానేసింది. రెండేళ్ళ కిందట ఆయన పోయాక కాగితాలు సర్దుతుంటే ఆ అర్జీ దొరికింది. మడతల దగ్గర చిరిగితే వెనక పల్చటి కాగితం అంటించి పెట్టుకున్నారు.

దాన్ని సంచిలో పెట్టుకునే పోయిన నెల ఆ రోజు నేను వన్ టౌన్ వెళ్ళింది. మేడ దగ్గర నుంచి జాలరిపేట వెళ్ళి, ఇద్దరు ముగ్గుర్ని అడిగి నూకాలత్త ఇల్లు కనుక్కున్నాను. ముగ్గుబుట్టలాంటి తల, చూపు బాగా ఆనడం లేదు. నా పేరు చెబితే చేతులు తడిమి గుర్తుపట్టింది. "మీ నాన్న బాగున్నారేటి" అని అడిగింది. పోయారని చెప్పాను. తర్వాత అర్జీ సంగతి, నేనాడిన అబద్ధం, ఇన్నేళ్ళ తర్వాత, ఆమె చాప మీద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాను.

ఆమె కాగితం అడిగి తీసుకుని, "ఇందులో మీ మావ ఏలిముద్ర ఏదే" అంది. మూడో వరసలో చివరిదని ఆమె వేలు పట్టుకుని చూపించాను. తన బొటనవేలు దాని మీద పెట్టి ఉంచింది.

"ఆ పొద్దు మబ్బేసింది గుంటా," అంది. "మేడే కాదు, కొండే కనబడ్నేదు. నాను ఒడ్డునే ఉన్నాను కదా. గోడ తెల్లగా ఉంటే మాత్రం ఏటవుద్ది? మీ నాన్న ఒక్కపాలి వొచ్చి అడిగుంటే సెప్పీదాన్ని."

నాకు తెలిసి ఆ సాయంత్రం చీకటి పడేదాకా మా వసారాలోంచి కొండ కనిపిస్తూనే ఉంది. నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నానో, ఆమె నా కోసం ఆ మాట అన్నదో తెలియదు. అడగలేదు. కాగితం ఆమె దగ్గరే వదిలేశాను.

మనవడి పడవ వచ్చే వేళైందని, చూసి వెళ్ళమని అత్త నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళింది. పడవ రాళ్ళకి దూరంగా తిన్నగా వచ్చి ఇసుకలో ఆగింది. మనవడు దారి చూపించే ఫోను చేత్తో పట్టుకుని దిగాడు. పడవలో నలుగురున్నారు. వాళ్ళు దిగి, వల లాగి, తట్టలు ఎత్తుకుని వెళ్ళేదాకా చూస్తూనే ఉన్నాను. ఒక్కరు కూడా ఊరి వైపు తల ఎత్తలేదు.