పై పోర్షన్ వద్దన్న సాలీడు

మా ఆయన నరసరావుపేట కోర్టులో వకీలు గుమాస్తా. కాగితం మీద ఉన్నదే ఆయనకు నిజం, కళ్ళ ముందు జరిగేది వట్టి వాదన. అలాంటి మనిషికి హైదరాబాదులో ఉండే పాత స్నేహితుడొకాయన టరాంటులా పిల్లను పెంచుకోమని ఇచ్చాడు. రూపాయి బిళ్ళంత సాలీడు, ఒళ్ళంతా నూగు. పెద్దదైతే అరచేయంత అవుతుందట. "ఇది చెట్ల మీద ఉండే జాతి. నేల మీద కాలు పెట్టదు" అని మా ఆయన బస్సు దిగి వచ్చిన దగ్గర్నుంచి నాకు మూడుసార్లు చెప్పాడు.

మేముండేది పై పోర్షన్. మా నెత్తిన స్లాబు, స్లాబు నెత్తిన సూర్యుడు. పోయిన మే నెలలో పొయ్యి ముందు నిలబడి ఉండగానే కళ్ళు తిరిగి పడిపోయాను. డాక్టరు సెలైన్ పెట్టి, వచ్చే ఎండాకాలానికి ఇల్లు మారండమ్మా అన్నాడు. ఈ ఏడాది ఉగాది వెళ్ళగానే, సాలీడు వచ్చిన వారంలోనే, కింది పోర్షన్ ఖాళీ అయింది. ఓనరమ్మ పెద్దావిడ, నేను పిన్నీ అని పిలుస్తాను. "నీ కోసరమే ఆపానమ్మాయ్. ఆదివారం దాకా చూస్తా. ఆపైన ఎవరో మేష్టారికిస్తా" అంది. మా ఆయన ఒప్పుకుంటేనా? పైనైతే గాలీ వెలుతురూ, కిందైతే దోమలట. ఆ వచ్చేది వడగాలి మహాప్రభో అని మొత్తుకున్నా "చూద్దాంలే" అన్నాడు. వాయిదాలు వేయడం ఆయనకు ఒకరు నేర్పాలా?

సాలీడు విషయంలో మాత్రం వాయిదా లేదు. వచ్చిన పూటే దానికి ఇల్లు కట్టాడు. నన్నొక్క మాట అడగకుండా నా మినప్పప్పు డబ్బాలోని పప్పంతా పళ్ళెంలో గుమ్మరించి, డబ్బాకు కాల్చిన మేకుతో బెజ్జాలు పెట్టాడు. నకరికల్లు దారిలో మిరపనారు నర్సరీ నుంచి కొబ్బరి పొట్టు తెచ్చి అడుగున నాలుగు వేళ్ళ మందాన పోశాడు. తుమ్మ బెరడు నిలువుగా పాతి, దానికి రెండు ప్లాస్టిక్ ఆకులు కూడా అంటించాడు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా నా వంటింట్లో ఒక్క అర బిగించని మనిషి!

సాలీడు ఆ బెరడు వంక చూడనైనా చూడలేదు. నేరుగా కిందికి దిగి, దాని మొదట్లో తవ్వడం మొదలుపెట్టింది. పొట్టును తన దారంతోనే ఉండ చుట్టి, ఒక్కో ఉండనూ మోసుకొచ్చి పక్కన పెట్టింది. తెల్లారేసరికి వేలు పట్టేంత బొరియ, అంచున తెల్లటి సాలెగూడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "కొత్త కదా, తెలియక తవ్వింది" అంటూ చెంచాతో పైకి తీసి, బెరడు మీద కూర్చోబెట్టి, బొరియ పూడ్చేశాడు. మర్నాటికి మళ్ళీ తవ్వింది. మళ్ళీ పూడ్చాడు. మూడోసారి పూడ్చాక అది తిండి మానేసింది. వేసిన బొద్దింక పిల్ల దాని ముందే తిరుగుతున్నా ముట్టుకోలేదు. కాళ్ళన్నీ దగ్గరకు లాక్కుని మూలన కూర్చుంది. ఆ పురుగంటే నాకు ప్రేమా లేదు, దోమా లేదు. కానీ ఉక్క తట్టుకోలేక కిందికి పోతున్న ప్రాణిని పట్టుకుని పైకెక్కిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

శనివారం పొద్దున పిన్ని పైకొచ్చింది, నా జవాబు కోసం. అప్పుడు మా ఆయన చేతిలో చెంచా ఉంది.

"ఏందయ్యా, దాన్నెందుకట్టా గెలుకుతున్నావ్?"

"ఇది చెట్టు మీదుండే జాతి పిన్నిగారూ. బొరియ తవ్వకూడదు."

"కూడదని దానికెవురు జెప్పారు? పైన చానా ఉడికిపోతంటే కిందకి పోదా? ఎండాకాలం పై పోర్షన్‌లో ఎవురుంటారయ్యా!"

ఆయన చెంచా కింద పెట్టి స్నేహితుడికి ఫోన్ చేశాడు. చెట్టు జాతి అయినా పిల్లలుగా ఉన్నప్పుడు బొరియల్లోకి దిగుతాయనీ, పైన వేడిగా, పొడిగా ఉంటే తేమ కోసం తవ్వుకుంటాయనీ, పూడ్చవద్దనీ ఆ స్నేహితుడు చెప్పాడు. ఫోన్ పెట్టేసి మా ఆయన డబ్బా మూత మీద చేయి వేసి చూశాడు. "పాపం, ఈ వేడికి తట్టుకోలేకపోతోందే" అన్నాడు నాతో. సెలైన్ ఎక్కించుకుని వచ్చిన నాతో!

"నేను పడిపోయినప్పుడు ఈ పాపం ఏమైందండీ? నాకు తవ్వుకోవడం చేతగాదనా?" అన్నాను. ఆయన డబ్బాలో నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడవలేదు. పిన్ని వెంట దిగి వెళ్ళి తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకున్నాను. "నేను కిందికి పోతున్నా. మీరు పైన గాలి పీల్చుకోండి" అని చెప్పేశాను.

ఆదివారం నేను గిన్నెల బుట్టతో దిగుతుంటే, వెనకే ఆయన డబ్బాను రెండు చేతులా పట్టుకుని, పూజ కలశం తెచ్చినట్టు ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. "దీనికి కిందైతే చల్లగా ఉంటుంది" అన్నాడు. అడిగినవాళ్ళందరికీ సాలీడు కోసం ఇల్లు మారామనే చెప్పాడు. ఇప్పుడు కోర్టంతా అదే అనుకుంటోంది. మొదట్లో కాదని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

కింద దాని బొరియ జోలికి ఎవరూ పోలేదు. తిండి తింది, కుబుసం విడిచి కాస్త పెద్దదైంది. నిన్న మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా మా ఆయన ఒకటే కేక. వెళ్ళి చూస్తే సాలీడు బొరియ వదిలి, తుమ్మ బెరడు చిట్టచివర, ప్లాస్టిక్ ఆకుల కింద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

"చూశావా! చెట్టు మీదుండే జాతి అని చెప్పానా లేదా? నేను చెబితే వినవు. అన్నట్టు, పై పోర్షన్‌లో ఇంకా ఎవరూ దిగలేదట."

నేను కొంగున తాళంచెవి ముడి ఉందో లేదో తడిమి చూసుకుని వంటింట్లోకి వెళ్ళాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. పొయ్యి ముందు నిలబడి పప్పుకు తాలింపు పెట్టాను, చారు కూడా కాచాను. కళ్ళు తిరగలేదు.