స్టెప్నీకి పెట్టిన బొట్టు

వార్త నాకు మొదట తెచ్చింది దేశం కాని దేశంలో, రోటోటూనాలో మా పక్కింటి వసుంధర ఆంటీ. పూజలో ఉన్నప్పుడు నేను ఫోన్ చూడను. ఆవిడ తలుపు కొట్టి, "తూర్పు తీరంలో కొండలు జారి రోడ్లన్నీ పోయాయటమ్మా. మీ సైన్యం రిజర్వు డ్రైవర్లను రమ్మంటున్నారట. నీకు ఫోన్ రాలేదూ?" అంది.

వచ్చింది. మూడుసార్లు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి శిబిరం చేరాను. గొర్రెల ఉన్ని కత్తిరించే రేకుల షెడ్డు మా బస. వాన సన్నగా, అడ్డంగా కొడుతోంది. ఒక ట్రక్కు, జాక్, రెండు చెక్క దిమ్మలు, పొడవాటి వీల్ స్పానర్, గాలి కొలిచే గేజ్ నాకు అప్పగించారు. రోజూ ఆరింటికి బండి తనిఖీ. ఏడింటికి సిద్ధం. మందులు, నీళ్లు, మనుషులు, ఏది చెబితే అది ఎక్కించుకోవాలి.

నేను బడికి వెళ్లలేదు. అమ్మ వంటింటి బల్ల దగ్గరే చదువు చెప్పింది. పాపటోయిటోయిలో గోదాముల వ్యాను నడిపిన నాన్న బండి చదువు చెప్పారు. వాహనపూజలో ఆయన మొదటి బొట్టు స్టెప్నీకే, అదీ గాలి కొట్టే వాల్వు మొన మీద. "అందరూ మరిచేది దాన్నే తల్లీ, ముందు దానికే పెట్టు" అనేవారు.

నేనూ మరిచాను. స్టెప్నీ ట్రక్కు అడుగున వేలాడుతుంది. గేజ్ పెట్టాలంటే బురదలో వెల్లకిలా పడుకోవాలి. మూడు రోజులు వంగి చూసి, బాగానే ఉందని కాగితం మీద టిక్కు పెట్టేశాను.

నాలుగో రోజు శుక్రవారం. కుంకుమ తడిపి బండి కిందకు దూరాను. మా రేడియో ఆపరేటర్ వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. బయట కూర్చుని నవ్వాడు.

"అక్కా, స్టెప్నీకి గూడ బొట్టా? హారతి గూడ ఇస్తవా?"

"నీకూ ఇస్తా, ఉండు."

వాల్వుకు మూత లేదు. మొన మీద బొట్టు పెట్టాను. బొట్టు మధ్యలోంచి చిన్న బుడగ లేచింది. ఎర్రగా ఉబ్బి, పగిలింది. మళ్లీ ఇంకొకటి.

వర్క్‌షాప్ కార్పొరల్‌ను పిలిచాను. నెరిసిన జుట్టు, ఇక్కడి మూలవాసి మావోరీ ఆయన. నొప్పి మోకాళ్లతోనే వచ్చి నా పక్కన బురదలో పడుకున్నాడు. గేజ్ పెడితే ఉండవలసినదాంట్లో సగం గాలి కూడా లేదు.

"వాల్వు పిన్ను అరిగింది" అన్నాడు. తర్వాత నా కాగితం చూశాడు. "టిక్కు ఉందే?"

"ఉంది. నేను కొలవలేదు."

"అయితే ఆ టిక్కు మీద గీత కొట్టి, ఆ మాటే రాయి."

రాశాను. ఆయన అరవలేదు. విడి పిన్ను దొరక్క తన ట్రెయిలర్ స్టెప్నీలోది విప్పి నాదానికి బిగించాడు. గాలి నింపాడు. "ఆ ఎర్రది మళ్లీ పెట్టు" అన్నాడు. ఈసారి బుడగ రాలేదు.

తొమ్మిదింటికి ఆజ్ఞ వచ్చింది. వంతెన తెగిన లోయలో ఒకామెకు తెల్లవారుజాము నుంచీ నొప్పులు. మొదటి కాన్పు. పొగమంచు వల్ల హెలికాప్టర్ లేవడం లేదు. నేనూ రేడియో ఆపరేటరూ మంత్రసానిని చుట్టూ తిప్పి చేర్చాలి.

తొమ్మిదీ యాభైకి కంకర రోడ్డు మీద ఎడమ వెనక టైరు పగిలింది. రేడియోలో చెప్పాం.

"ఎంతసేపు?" అని శిబిరం.

"నలభై నిమిషాలు."

తర్వాత కార్పొరల్ గొంతు. "బొట్టు ఉందా?"

"ఉంది."

"అయితే కానివ్వండి."

చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాం. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాం. మెత్తటి నేల కదా, జాక్ కింద చెక్క దిమ్మ. మంత్రసాని నట్లన్నీ తన టోపీలో పోసుకుని నిలబడింది.

"అక్కా, ఈ నట్టు కదుల్తలేదు!"

"దేవుణ్ణి తలుచుకుని దాని మీద నిలబడు."

నిలబడ్డాడు. కదిలింది. పదీ ఇరవై ఎనిమిదికి స్టెప్నీ మీద కదిలాం. పదీ యాభైకి మంత్రసానిని ఆ ఇంటి గుమ్మంలో దించాం.

పదకొండూ ఇరవైకి లోపల ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. రేడియో ఆపరేటర్ రెండు చేతులూ పైకెత్తి ముంగిట్లో చిందులేశాడు. పాప అమ్మమ్మ బయటికి వచ్చి, తన చెట్టు నిమ్మకాయలు ఒక సంచీడు నా చేతిలో పెట్టి, ఆ మురికి టైరును నిమిరింది.

మూడు వారాలకు ఇల్లు చేరాను. ఆ మరుసటి ఏడు సైన్యం వదిలాను. చాలా మరిచాను. కాని దీపం ముందు కళ్లు మూస్తే ఆ ఎర్ర బుడగ మాత్రం ఉబ్బుతూనే ఉంటుంది. ఆ బుడగ చూపించిన దేవుడికి దండం పెట్టుకోని రోజు లేదు.

ఆ కార్పొరల్ ఇప్పుడు మనురేవాలో ఉంటున్నారు. వచ్చే వారం ఆయన మోకాలికి ఆపరేషన్. మీ దేవుడు ఎవరైనా సరే, ఈసారి స్టెప్నీకి గేజ్ పెట్టినప్పుడు ఆ కార్పొరల్ కోసం ఒక్కసారి ఆ దేవుణ్ణి తలుచుకోండి.