డెమో నాడు బయట కూసున్న పిల్లలు

నారాయణగూడ గల్లీల ఒక ప్రైవేటు బడిల నేను ఆయాగ చేసిన. మా ఆయన కట్టే బిల్డింగు మీదికెళ్లి పడి సచ్చిపోయినంక పాలమూరు తిరిగిపోలే, అశోక్ నగర్ వెనక బస్తీలనే ఉండిపోయిన. బడిల నా బిడ్డకు ఫీజు మాఫీ చేసిండ్రు. అందుకే ఎవ్వలేమన్నా నోరు మూసుకొని ఊడ్చిన. మూసుకునే నోరు కాదు నాది, బస్తీల ఎవరినడిగినా చెప్తరు.

బిడ్డకు అన్నీ వచ్చు, లెక్కలే రావు. భాగహారం అంటే ఏడుపే. దానసొంటోళ్లు క్లాసుల ఇంక కొందరుండిరి. వాళ్లను డల్ బ్యాచ్ అనేటోళ్లు. పిల్లలే కాదు, సార్లు గూడ.

ఆరో తరగతి మొదలైతదనంగ, ఎండకాలం సెలవులల్ల లెక్కల టీచరమ్మను ట్రైనింగుకు పంపిండ్రు. చిక్కడపల్లిల ఒక హాల్ల పెట్టిండ్రు. చాయ్ పొయ్యనీకి నన్ను గూడ తోలిండ్రు. దర్వాజ కాడ నిలబడి ఇన్న. వెనకబడ్డ పిల్లలకు లెక్కలెట్ల చెప్పాలె, గదీ ఆ ట్రైనింగు. "పిల్లకు రాలేదంటే అది పిల్ల తప్పు కాదు, మనం ఇంకో తీరుగ చెప్పలేదన్నట్టు" అన్నడు ట్రైనింగు సారు. నాకు పానం లేచొచ్చినట్టయింది. గా మాట ఎవరో ఒకరి నోటి నుంచి ఇన్నందుకు ఆనాడు చాయ్‌ల అల్లం ఎక్కువ దంచేసిన.

అబద్ధమెందుకు, టీచరమ్మ మంచిగనే మొదలువెట్టింది. బడి విడిచినంక డల్ బ్యాచ్‌ను కింద కూసుండవెట్టుకొని అగ్గిపుల్లలు పంచిచ్చి చెప్పేది. నా బిడ్డ ఇంటికొచ్చి చిక్కుడుకాయలు పంచుకుంట కూసునేది. "అమ్మా, జర కష్టపడితే పెద్ద లెక్కలు గూడ వస్తయట, టీచర్ చెప్పింది" అన్నది. నేను నమ్మిన.

గంతల డెమో అన్నరు. టీచరమ్మ పాఠం చెప్తుంటే ట్రైనింగోళ్లు వచ్చి చూస్తరట. ఆనాడు పొద్దుగాల టీచరమ్మ డల్ బ్యాచ్‌ను మొత్తం తోలుకొచ్చి నాకు అప్పజెప్పింది.

"అక్కా, జర వీళ్లను క్లాసు వెనక షెడ్డుల కూసుండవెట్టుకో. చప్పుడు చెయ్యనియ్యకు."

"ఏంది టీచరమ్మా, ట్రైనింగు వీళ్ల కోసమే కదా?"

"వీళ్లు జవాబు చెప్పకపోతే నేనేం నేర్చుకోలేదంటరు. పక్క సెక్షన్ పిల్లలను కూసుండవెట్టమన్నది ప్రిన్సిపాల్ మేడమే. నన్నేం చెయ్యమంటవ్ చెప్పు?"

షెడ్డుల ఒక పోరి "ఆయమ్మా, మాకు హాలిడేనా?" అని నవ్వింది. నా బిడ్డ నవ్వలే. "నాకొస్తదమ్మా. జర నెమ్మదిగొస్తది, గంతే. నువ్వన్న పోయి టీచర్‌కు చెప్పు" అన్నది.

లేసి పోయిన. దర్వాజ కాడ మేడం అడ్డమొచ్చింది. "నీ పని నువ్వు చూస్కో ఆయా. ఫీజు ఊకెనే మాఫీ చేసినమా?" అన్నది. ఎనకకొచ్చిన. తలుపేసిన క్లాసులకెళ్లి చప్పట్లు ఇనబడుతున్నయి.

డెమో మస్తుగైందట. టీచరమ్మ గింత హుషారా అని, వేరే బ్రాంచీల టీచర్లకు ట్రైనింగు ఇచ్చే నౌకరి ఇచ్చిండ్రు. వెనకబడ్డ పిల్లలకు ఎట్ల చెప్పాలెనో చెప్పే నౌకరి! ఆమె పోయింది, సాయంత్రం క్లాసు ఆమెతోటే పోయింది. కొత్త సారును అడిగితే "టైం యాడుందమ్మా" అన్నడు. ఎవ్వరినీ ఫెయిల్ చెయ్యొద్దని సర్కారు రూలొచ్చింది. బిడ్డ ఏడుకు పోయింది, ఎనిమిదికి పోయింది. భాగహారం మాత్రం ఆరులనే ఆగింది. తెలంగాణ వచ్చిన యేడు పదిల లెక్కలు తప్పింది. మళ్ల రాయమంటే పుస్తకం అవుతలికి నూకింది. అశోక్ నగర్‌ల జిరాక్స్ దుకాణంల పనికి కుదిరింది. కోచింగ్ పిల్లలకు లెక్కల కాయితాలు తీసిచ్చుడు దాని పని.

అదే యేడు వానకాలంల, నారాయణగూడ చౌరస్తాల బస్సు కోసం నిలబడితే టీచరమ్మ కలిసింది. మంచిగ మాట్లాడింది, కాదనను.

"అమ్మాయి ఏం చదువుతున్నది అక్కా?"

"చదువుత లేదు. పదిల లెక్కలు పోయినయ్."

"అయ్యో! నా దగ్గరికి తోలకపోతివా?"

"మీ దగ్గరనే ఉండె కద టీచరమ్మా. డెమో నాడు మీరే బయటికి తోలిండ్రు."

"ఏ డెమో అక్కా?" అన్నది. నాటకం కాదు, నిజంగనే యాదికి లేదు. ఎన్ని డెమోలు చేసిందో, ఎంతమందిని షెడ్డుల కూసుండవెట్టిందో.

ఇంటికొచ్చి బిడ్డకు చెప్పిన. అది అన్నం కలుపుడు ఆపలే.

"ఆనాడు నేను క్లాసు వెనక కిటికీలకెళ్లి చూసిన" అన్నది. "తొంభై ఆరును ఎనిమిదితోటి భాగించమని బోర్డు మీద వేసింది. ఆ లెక్క నాకొచ్చు. పన్నెండు."

ఒప్పో తప్పో నాకు తెలవదు. "అవు బిడ్డా" అన్న.