విమానంలో లేని స్క్రూ

అది బియ్యపుగింజంత స్క్రూ. ఏడేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది అమీర్‌పేటలో చిన్న ఫ్లాటు. ఒక ఆదివారం మా ఆయన పొడవాటి అట్టపెట్టె తెచ్చి భోజనాల బల్ల మీద విప్పారు. లోపల దూదంత తేలికైన చెక్క ముక్కలు, ఒక పెద్ద నక్షా. అవన్నీ అతికించి, మోటారు బిగించి, రిమోట్‌తో ఎగరేసే విమానం కడతారట. “ఈ వయసులో బొమ్మలాటలేంటండీ?” అన్నాను. మర్నాటికి పెట్టె ఇంట్లో లేదు.

అప్పటినుంచి ఆదివారాలు ఆయనకి ఆఫీసు పని మొదలైంది. ఆఫీసు పనైతే చొక్కా చేతుల మీద చెక్కపొడి ఎందుకు? వేళ్లకి ఎండిన జిగురెందుకు? ఫోనులో “సుల్తానా” అన్న పేరు చూశాను. అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారేమోనని కాదు, నిజం చెబుతారేమోనని భయం. ఒకసారి ఆయన వెనకే ఇంకో ఆటో ఎక్కి, మెట్రో స్తంభాల కింద నుంచి పంజగుట్ట దాకా వెళ్లాను. సందు చివర ఒక తలుపు సగం తెరుచుకుంది. గాజులున్న చెయ్యొకటి ఆయన చేతిలోని సంచి అందుకుంది. అంతే కనబడింది. మిగతాదంతా నేనే ఊహించుకున్నాను, నెలల తరబడి, కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ.

ఎనిమిదో నెలలో విమానం పూర్తయి ఇంటికొచ్చింది. ఎర్ర రెక్కలు. అందంగా ఉంది. ఎక్కడ కట్టారని అడిగాను. “ఫ్రెండ్ ఒకడున్నాడులే, వాడింట్లో” అన్నారు. ఒకడు! ఆ ఒక్క మాటతో నా అనుమానమంతా నిజమైపోయింది. ఆయన ఉత్సాహంగా మూత తీసి, తోకని పైకీ కిందికీ ఆడించే చిన్న మోటారు చూపించారు. దాని మీద తిరిగే ప్లాస్టిక్ ముక్కని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ అని, అది ఊడితే విమానం మన మాట వినదని కూడా చెప్పారు.

మర్నాడు పొద్దున ఎగరెయ్యాలి. ఆ సాయంత్రం ఆయన బ్యాటరీలకని కిందికి వెళ్లారు. నేను ఆ స్క్రూ విప్పి వంటింటి చెత్తబుట్టలో వేశాను. ఎగరకపోతే ఆవిడ ముందు నవ్వులపాలవుతారు, నా దగ్గరికి తిరిగొస్తారు. అదీ నా లెక్క. తిరిగి రావడానికి ఆయన ఎక్కడికైనా వెళ్లారా అని ఒక్కసారైనా అనుకున్నానా?

నేనూ వస్తానంటే కాదనలేదు. ఊరి బయట ఎండిన మైదానం. అక్కడ మందపాటి కళ్లద్దాలు, నెరిసిన జుట్టు, చేతినిండా గాజులున్న పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ పాఠాలు చెప్పి రిటైరైన టీచరట, సుల్తానా మేడమ్. ఇలాంటి విమానాలు కట్టి ఎగరెయ్యడం ఆవిడకి ఎన్నో ఏళ్ల సరదా అట. మా అమ్మ కంటే పెద్దది. నన్ను చూసి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఇంట్ల నవ్వుతరని నీకు చెప్పకుంట వస్తుండు బేటీ. నాకు అస్సలు నచ్చలే. ఇయ్యాల తోల్కొచ్చిండు, మంచిగైంది.”

అప్పుడు చెప్పాల్సింది. ఐదు నిమిషాలైనా టైముంది. ఆవిడ తోక ఆడించి చూసింది. స్క్రూ లేకపోయినా, నేల మీద తోకని నెట్టే ఎదురుగాలి లేదు కాబట్టి బాగానే ఆడింది. నేను నోరు తెరిచాను. స్క్రూ సంగతి చెబితే ఎందుకు తీశానో చెప్పాలి. అనుమానించానని చెప్పాలి. మళ్లీ మూసుకున్నాను. విప్పినప్పుడు ఒళ్లు తెలియని కోపంలో ఉన్నాను, ఒప్పుకుంటాను. మరి ఆ ఐదు నిమిషాలు? అప్పుడు నాకు అన్నీ తెలుసు.

మొదటిసారి కాబట్టి రిమోట్ ఆవిడే పట్టుకుంది. విమానం లేచింది. ఏమీ కాదేమో అనుకున్నాను. మొదటి మలుపులోనే ముక్కు కిందికి దించి, నేరుగా నేలలోకి దూసుకుపోయింది.

మా ఆయన ముక్కలు ఏరుకోవడానికి పరుగెత్తారు. ఆవిడ నా వైపు తిరిగింది.

“ఈ నడుమ జర చేతులు వణుకుతున్నయి. నేను పట్టుకోకుండ ఉండాల్సింది. ఎనిమిది నెలల కష్టం నా చేతుల్ల పోయింది. మాఫ్ చెయ్యి బేటీ.”

“పర్లేదండీ” అన్నాను.

క్షమించాను. నేను, ఆవిడని.

తర్వాత మా ఆయన స్క్రూ లేదని కనిపెట్టారు. ఊడిపోయి ఉంటుందని ఆవిడకి చెప్పారు. తనని ఓదార్చడానికి అల్లిన మాట అనుకుందట. తన విమానాలన్నీ తెలిసినవాళ్లకి ఇచ్చేసింది. మళ్లీ రిమోట్ ముట్టుకోలేదు. ఆయనా ఇంకో విమానం కట్టలేదు.

ఆయనకి తెలుసా? మిక్సీ బాగుచేద్దామని నేను స్క్రూడ్రైవర్ తీస్తే ఆయన చూపు నా చేతి మీదికి వస్తుంది. లేక వచ్చిందనుకుంటానా? అప్పుడు ఆయన్ని ఎనిమిది నెలలు అనుమానించాను. ఇప్పుడు ఏడేళ్లుగా, ఆయన నన్ను అనుమానిస్తున్నారేమోనని అనుమానిస్తున్నాను.

ఆవిడ ఇంకా పంజగుట్టలోనే ఉంది. వెళ్లి చెప్పగలనా? తెలియదు. వెళతానని మీకు మాటివ్వను. కానీ సుల్తానా మేడమ్ చేతుల్లో ఏ తప్పూ లేదు. ఏడేళ్లకి ఆ వాక్యం నా చేత్తో రాశాను.